షోరూముకు వెళ్లే ముందు మీ గేటు కొలవండి మాస్టారూ

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, పొరపాటుంటే సరిదిద్దండి. అరవై రెండు నిండి మొన్నే రిటైరయ్యారు. తెనాలిలో సొంతిల్లు. ఇంట్లో మీరు, మీ ఆవిడగారు, ఎనభై రెండేళ్ల అమ్మగారు. పన్నెండేళ్ల పాత ఆల్టో తీసేసి చిన్న కారు కొత్తది కొనాలి. అన్నీ కలిపి తొమ్మిది లక్షలు దాటకూడదు. నెలకు రెండుసార్లు అమ్మగారిని మంగళగిరి ఎయిమ్స్‌లో చూపించాలి, మిగతా తిరుగుడంతా ఊళ్లోనే. మీకు ఎడమ మోకాలు నొప్పి. బెంగళూరు అబ్బాయి సన్‌రూఫ్ ఉన్న ఎస్‌యూవీ అంటున్నాడు, బావమరిది సీఎన్‌జీ అంటున్నాడు, షోరూమ్ కుర్రాడేమో ఈ నెలాఖరు దాకే ఆఫర్ అంటున్నాడు.

నా సంగతి రెండు ముక్కల్లో. ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో మోటారు ఇన్సూరెన్స్ సర్వేయరుగా చేశాను. అంటే దెబ్బ తిన్న కార్లను షెడ్డుకెళ్లి చూసి, ఎంత ఇవ్వచ్చో లెక్కకట్టే పని. అందరూ కారును షోరూములో మెరుస్తుంటే చూస్తారు, నేను నుజ్జయ్యాక చూసేవాణ్ణి. అందుకని నా సలహాల్లో కొంచెం ఆ వాసన ఉంటుంది.

నేనూ రిటైరైన కొత్తలో తప్పు చేశాను. జీవితమంతా చిన్న బండి నడిపాం, ఇప్పుడన్నా దర్జాగా ఉందామని ఒక సెడాన్ తీసుకున్నాను. నడపడానికి హాయిగానే ఉండేది. కానీ దాని సీటు నేలకు దగ్గర. మా ఆవిడ దిగాలంటే ముందు కాళ్లు రెండూ బయట పెట్టి, తలుపు పట్టుకుని, ఒకసారి ఊగి, "రండి" అనేది. నేను ఇంజన్ ఆపి, అటు తిరిగొచ్చి చెయ్యి అందించాలి. గుడి దగ్గర, పెళ్లి మండపం దగ్గర, ప్రతిసారీ ఇదే. ఆర్నెల్లు తిరిగేసరికి "ఆటోలో పోదాం లెండి" అనడం మొదలుపెట్టింది. ఇంటి ముందు కారు పెట్టుకుని ఆటోలో తిరిగాం. ఏడాదిన్నరకే అమ్మేశాను. ఎంత పోయిందో చెప్పను, ఇంట్లో ఇప్పటికీ ఆ లెక్క తీస్తారు.

కాబట్టి మొదటి పరీక్ష ఇంజను కాదు, సీటు ఎత్తు. మీరు నిలబడితే మీ పిరుదులు ఎంత ఎత్తులో ఉంటాయో, కారు సీటు దానికి కాస్త కిందగా ఉంటే కూర్చోవడమంటే పక్కకు జరగడమే. మరీ కిందుంటే మోకాళ్ల మీద భారం వేసి దిగాలి, మరీ పైనుంటే ఎక్కడానికి కాలెత్తాలి. చీర కట్టుకున్నవాళ్లకు ఈ రెండోదీ కష్టమే. మారుతి వ్యాగన్ఆర్ అందానికి ఎవరూ కొనరు, కానీ దాని ఎత్తు 1675 మిల్లీమీటర్లు, లోపల సీటు కుర్చీలా ఉంటుంది. ఇన్నేళ్లుగా పెద్దవాళ్లున్న ఇళ్లలో అది కనిపించడానికి కారణం అదే. టాటా పంచ్, హ్యుందాయ్ ఎక్స్‌టర్ లాంటివి కూడా ఎత్తుగానే ఉంటాయి. పంచ్ తలుపులైతే దాదాపు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, అది పెద్దవాళ్లకు వరం. అయితే దాని వెనక తలుపుల పిడి మామూలు చోట ఉండదు, పైన కిటికీ పక్కనున్న స్తంభంలో దాగి ఉంటుంది. వేళ్లు బిగుసుకుపోయిన చేతులకు అది అందక తంటా. అమ్మగారు వెనక కూర్చుంటారు కాబట్టి ఈ చిన్న విషయం మీకు పెద్దదే.

షోరూముకు మీరొక్కరే వెళ్లకండి. అమ్మగారిని తీసుకెళ్లండి, లేదా టెస్ట్ డ్రైవ్ బండిని ఇంటికే తెప్పించుకోండి, అడిగితే పంపిస్తారు. అమ్మగారిని అయిదుసార్లు ఎక్కించి దించండి. ఒకసారి చాలదు, మొదటిసారి అందరూ ఉత్సాహంగానే ఎక్కుతారు. అయిదోసారికి ఆవిడ ఏం పట్టుకుంటున్నారో చూడండి. పైన పిడి ఉందా, తల తగులుతోందా, గడప దగ్గర కాలు తట్టుకుంటోందా. వెనక సీటుకు తల ఆనించే దిండు విడిగా పైకి లేస్తుందా అన్నదీ చూడండి. కొన్ని కింది వేరియంట్లలో అది సీటుకే అతుక్కుని పొట్టిగా ఉంటుంది. ఏసీ గాలి వెనక్కి వస్తుందా అన్నది మే నెలలో తెలుస్తుంది కానీ మీరు ముందే చూసుకోవాలి. హ్యుందాయ్ నియోస్‌లో వెనకవాళ్లకు విడిగా ఏసీ గొట్టాలున్నాయి, వ్యాగన్ఆర్‌లో లేవు.

చక్రాల కుర్చీ గురించి మీరు రాయలేదు. ఆసుపత్రిలో దొరుకుతుందిలే అని ఇప్పుడు అనుకుంటారు. రెండేళ్లలో ఇంటికి ఒకటి వస్తుంది. అందుకని తెలిసినవాళ్ల దగ్గర మడత కుర్చీ ఒకటి అడిగి తీసుకెళ్లి డిక్కీలో పెట్టి చూడండి. కాగితం మీద లీటర్లు చూసి మోసపోకండి. టాటా టియాగో 242, నియోస్ 260, వ్యాగన్ఆర్ 341, పంచ్ 366, ఎక్స్‌టర్ 391 అని రాస్తారు. కుర్చీకి కావలసింది లీటర్లు కాదు, నోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, అంచు మీదుగా ఎంత ఎత్తు లేపాలి అన్నది. ఆ లేపేది మీరే కదా, ఆ మోకాలితో.

ఇక గేటు. నా దగ్గరికొచ్చిన రిటైరైనవాళ్ల క్లెయిముల్లో చాలా భాగం హైవే మీద జరిగినవి కావు. సొంత గేటు స్తంభానికి, సొంత మెట్లకు, సొంత నీళ్ల ట్యాంకుకు గుద్దినవి. ఎడమ వెనక తలుపు మీద పొడుగ్గా ఒక గీత, అందులో ఇంటి సున్నం రంగు. చూడగానే చెప్పేవాణ్ణి, "మీ గేటుకు తెల్ల సున్నమా సార్" అని. పాత ఇళ్ల గేట్లు ఏడడుగులు ఉంటాయి, అంటే 2130 మిల్లీమీటర్ల చిల్లర. రెక్కలు లోపలికి తెరిచాక ఇంకో మూడు నాలుగు అంగుళాలు పోతాయి. వ్యాగన్ఆర్ వెడల్పు 1620, టియాగో, నియోస్ 1680 చుట్టుపక్కల, ఎక్స్‌టర్ 1710, పంచ్ 1742. ఇవన్నీ సైడు అద్దాలు కలపని లెక్కలు, అద్దాలు కలిపితే ఇంకో జానెడు. సన్నసందులోంచి మలుపు తిప్పి గేటులోకి దూరాలంటే వ్యాగన్ఆర్‌కూ పంచ్‌కూ మధ్య ఉన్న ఆ నూట ఇరవై మిల్లీమీటర్ల తేడా రోజూ కనిపిస్తుంది. ఈ రోజే టేపు పట్టుకుని కొలవండి. సైడుకాల్వ మీద వేసిన ర్యాంపు ఎంత వాలుగా ఉందో కూడా చూడండి, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

మీది ఎడమ మోకాలు. క్లచ్ తొక్కేది ఆ కాలితోనే. కాబట్టి మాన్యువల్ వద్దు, ఆ చర్చ అక్కడితో అయిపోయింది. మీ బడ్జెట్లో ఆటోమేటిక్ అంటే ఎక్కువగా ఏఎంటీ దొరుకుతుంది. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చింది ఇది. దీని లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. క్లచ్‌ను మీ కాలికి బదులు యంత్రం నొక్కుతుంది, గేరును యంత్రమే మారుస్తుంది, అంతే. చవక, మైలేజీ పోదు, ఊళ్లో బాగుంటుంది. గేరు మారేటప్పుడు తల కొంచెం ముందుకు ఊగుతుంది, నింపాదిగా నడిపితే అదీ తెలియదు.

లోపల క్లచ్ ప్లేటు ఉందన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు. ర్యాంపు మీద సగం ఎక్కి, గేటు తీయడానికి ఎవరో రావాలని యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కిపెట్టి ఆగారనుకోండి, ప్లేటు కాలుతుంది. రబ్బరు కాలిన వాసన వస్తుంది, రోజూ అలా చేస్తే బిల్లు వస్తుంది. ముందు రోడ్డు మీదే ఆగి, గేటు పూర్తిగా తీశాక ఒక్క ఊపులో ఎక్కించాలి. హిల్ హోల్డ్ ఉన్న వేరియంటే తీసుకోండి, వాలులో బ్రేకు వదిలాక రెండు సెకన్లపాటు బండిని వెనక్కి జారనివ్వదు. ఇంకోటి, ఈ ఏఎంటీల్లో మామూలుగా పార్కింగ్ గేరు ఉండదు. గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, అప్పుడు ఇంజన్ ఆపాలి. న్యూట్రల్‌లో వదిలేసి దిగితే మీ ర్యాంపు దాన్ని రోడ్డు మీదకు పంపిస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో నున్నటి మెయిన్ రోడ్డు మీద తిప్పి తెచ్చేస్తారు. మీరు మాత్రం మీ ర్యాంపు ఎక్కించి, రివర్స్‌లో దింపి చూడందే సంతకం పెట్టకండి.

ఆటోమేటిక్‌కు మారేవాళ్లకు ఒక ప్రమాదం ఉంది, దీని గురించి షోరూములో ఎవరూ చెప్పరు. ఒక రిటైర్డ్ ఆఫీసరు గారింటికి సర్వేకు వెళ్లాను. కొత్త కారు, ఇంకా సీటు మీద పాలిథిన్ కవర్ తీయలేదు. ముందు చక్రం తులసికోట మీద ఎక్కి కూర్చుంది, బానెట్టు వరండా స్తంభానికి ఆనుకుని ఉంది. ఆయన చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. "బ్రేకు తొక్కుతుంటే బండి ఇంకా ముందుకు పోతోందండీ" అన్నారు. బ్రేకులన్నీ చెక్ చేశాం, అన్నీ బాగున్నాయి. ఆయన తొక్కింది బ్రేకు కాదు. నలభై ఏళ్లు క్లచ్చున్న బండి నడిపిన మనిషికి కంగారులో రెండు కాళ్లూ ఒకేసారి తొక్కడం అలవాటు. క్లచ్చున్న బండిలో అలా తొక్కినా ఇంజను చక్రాలకు అందదు, బండి ముందుకు దూకదు. ఆటోమేటిక్‌లో ఆ రక్షణ లేదు. అందుకని కొన్న మొదటి వారం కాలేజీ గ్రౌండులో ఖాళీగా ఉన్నప్పుడు తిప్పండి. ఎడమ కాలు మడిచి వెనక్కి పెట్టేయండి, దానికి ఇంక పని లేదు. కుడి మడమ బ్రేకు ఎదురుగా నేల మీద ఆనించి, యాక్సిలరేటర్‌కు పాదాన్ని మాత్రం తిప్పండి. గేటులోకి దూరేటప్పుడు యాక్సిలరేటరే వద్దు, బ్రేకు వదిలితే అదే మెల్లగా పాకుతుంది.

బావమరిది గారి సీఎన్‌జీ గురించి లెక్క చెప్తాను. మీ తిరుగుడు నెలకు 500 కిలోమీటర్లు ఉంటుందేమో. పెట్రోలు లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చినా 31 లీటర్లు, లీటరు 110 అనుకుంటే మూడువేల నాలుగొందలు. సీఎన్‌జీ కిలో తొంభై, కిలోకు పాతిక కిలోమీటర్లు అనుకుంటే పద్దెనిమిది వందలు. నెలకు పదహారు వందలు మిగులు. సీఎన్‌జీ వేరియంటుకు అదనంగా పెట్టే తొంభై వేల చిల్లర తిరిగి రావడానికి అయిదేళ్లు దగ్గర పడుతుంది. ఈలోపు డిక్కీలో సిలిండరు, మీ కుర్చీ ఎక్కడ పెడతారు? టాటావాళ్లు రెండు చిన్న సిలిండర్లు అడుగున పెట్టి డిక్కీ కొంత మిగిల్చారు, టియాగోలో సీఎన్‌జీకి ఏఎంటీ కూడా ఇచ్చారు. సీఎన్‌జీయే కావాలని పట్టుబడితే అది చూడండి. పైగా బంకు దగ్గర క్యూలో నిలబడే ఓపిక కూడా లెక్కలో వేసుకోవాలి. డీజిల్ ఊసే వద్దు, చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లకు దాని పొగ ఫిల్టరు మూసుకుపోయి తలనొప్పి.

కరెంటు కారు మీకు నిజానికి సరిపోతుంది. సొంతిల్లు, సొంత పార్కింగు, రోజుకు ఇరవై కిలోమీటర్లు. క్లచ్చు లేదు, గేర్లు లేవు, కుదుపు లేదు. జీఎస్టీ 5 శాతమే. కానీ మీ బడ్జెట్లో వచ్చేవాటిలో మీ మంగళగిరి రానుపోను సులువే గానీ, సంక్రాంతికి వచ్చిన అబ్బాయి అదే బండేసుకుని శ్రీశైలం పోదామంటే మధ్యలో చార్జింగు లెక్కలు వేసుకోవాలి. మీ ఇంట్లో ఎర్తింగు సరిగా ఉండి, పోర్టికోలో 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే ఒకసారి నడిపి చూడండి. నేనైతే ఇంకో రెండేళ్లు ఆగేవాణ్ణి. అది నా చాదస్తం కావచ్చు.

అబ్బాయి భద్రత గురించి కూడా అనే ఉంటాడు, ఆ మాటలో న్యాయముంది. పంచ్‌కు 2021లో, కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు 5 స్టార్లు వచ్చాయి. వ్యాగన్ఆర్‌కు 2023లో ఒక్క స్టారే. 2025 నుంచి వ్యాగన్ఆర్‌లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు, మంచిదే, కానీ ఆ పరీక్షలో వాళ్లు తప్పుపట్టింది బాడీ గట్టిదనాన్ని కూడా. ఊళ్లో ముప్పై, నలభైలో తిరిగేటప్పుడు ఇది పెద్దగా తేడా చేయదు. మీరు నెలకు రెండుసార్లు లారీలు తిరిగే మంగళగిరి వైపు వెళ్తారు, అక్కడ చేస్తుంది. అందుకని నా మాట ఇది. గేటు, ర్యాంపు ఒప్పుకుంటే, వెనక తలుపు అమ్మగారికి మీరు తీసి పెట్టగలిగితే, పంచ్ ఏఎంటీ. గేటు ఏడడుగులే, సందు ఇరుకు అంటే వ్యాగన్ఆర్ 1.2 ఏజీఎస్ (మారుతివాళ్లు ఏఎంటీకి పెట్టుకున్న పేరు), అరవై దాటకుండా నడపండి. ఎక్స్‌టర్ ఏఎంటీ ఈ రెంటికీ మధ్యలో నిలబడుతుంది, డిక్కీ పెద్దది, వెనక ఏసీ ఉంది. సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బు గుంటూరు ఎండకు పెట్టినట్టే. ఆ డబ్బుతో ఒక వేరియంటు పైకెళ్లి ఎత్తు మార్చుకునే డ్రైవరు సీటు, వెనక కెమెరా, వెనక వైపరు ఉన్నది తీసుకోండి.

డబ్బు దగ్గరికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, పైన సెస్సు పోయి 18 శాతం అయింది. నాలుగు మీటర్లలోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీలోపు ఇంజను, ఈ రెండూ ఉంటేనే ఆ రేటు. పైన చెప్పినవన్నీ ఇందులోకే వస్తాయి. దీని మీద మన లైఫ్ ట్యాక్స్, అయిదు నుంచి పది లక్షల మధ్య బండికి 14 శాతం. అంటే షోరూము ధర ఏడు లక్షలంటే పన్నే 98 వేలు. ఇన్సూరెన్సు, మిగతావి కలిపితే ఎనిమిదిన్నర. అందుకని మీ తొమ్మిది లక్షల బడ్జెట్ అంటే షోరూము ధర ఏడు లక్షల ఇరవై, ముప్పై వేలు మించకూడదు. గ్రాట్యుటీ డబ్బు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేసుంటే దాన్ని ముట్టుకోకండి. ఏడాదిలోపు తీస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు, ఏడాది దాటి రెండేళ్లలోపు తీస్తే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాత తీస్తే ఒక శాతం కోస్తారు. లీవ్ ఎన్‌క్యాష్‌మెంటుతో కొనగలిగితే లోను ఊసెత్తొద్దు.

కొటేషన్ అడిగితే అట్ట మీద చేత్తో రాసిచ్చేది కాదు, డీలరు ముద్రతో ప్రొఫార్మా ఇన్‌వాయిస్ తీసుకోండి. అందులో ప్రతి వరుసా ఏమిటో అడగండి. "హ్యాండ్లింగ్ చార్జెస్" అని ఆరేడు వేలు ఉంటే అదేమిటని అడిగి కొట్టేయించండి, బండిని తమ గోడౌను నుంచి తమ షోరూముకు తెచ్చుకోవడం వాళ్ల పని. "బేసిక్ కిట్" అని పాతిక వేలు ఉంటే మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు మాత్రం ఉంచి మిగతావి తీసేయమనండి. సీటు కవర్లు బజారులో వేయించకండి. ఆరు ఎయిర్‌బ్యాగులున్న బండిలో రెండు ముందు సీట్ల పక్క నుంచే విచ్చుకుంటాయి, మామూలు కవరు వేస్తే అవి దానిలోనే చిక్కుకుంటాయి. ముందు ఇనుప గార్డు కూడా వద్దు, 2017 డిసెంబరు నుంచి నిషేధం. అది ఉంటే గుద్దినప్పుడు ముందు భాగం నలగాల్సిన తీరులో నలగదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం ఏఎంటీకి తీసుకోవచ్చు. అడ్వాన్సు డీలరు ఖాతాకే చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ, కుర్రాడి ఫోన్‌పేకి ఎప్పుడూ వద్దు. రసీదు మీద మోడలు, వేరియంటు, రంగు, బుకింగు రద్దయితే ఎంత తిరిగిస్తారు అన్నవి రాయించుకోండి. ధర డెలివరీ రోజు ఎంతుంటే అంతే అన్నది అందరూ పెట్టే షరతు, దాంతో గొడవపడి లాభం లేదు.

ఇన్సూరెన్సు నా వృత్తి కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే చెప్తాను. డీలరు దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. "బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు సార్" అంటారు. ఆ కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉంటే వస్తుంది, ఎవరి దగ్గర కొన్నారన్నది కాదు. అదే కంపెనీ, అదే పాలసీ బయట అడిగి ధర చూడండి, ఆ కాగితం కుర్రాడికి చూపిస్తే అప్పుడే తగ్గిస్తాడు. కొత్త కారుకు థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది, మూడేళ్లది ఒకేసారి కట్టాలి, సొంత డ్యామేజీది ఏడాదికోసారి. జీరో డెప్, అంటే భాగాల అరుగుదల పేరుతో కోత పెట్టని అదనపు కవరు, తప్పనిసరిగా తీసుకోండి. ఎందుకంటే మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు, బండి కొత్తదైనా సరే. ఈ రోజుల్లో బంపరు మొత్తం ప్లాస్టిక్కే. నాలుగు వేల బంపరుకు రెండు వేలు, అందులో తప్పనిసరి కోత ఇంకో వెయ్యి, చేతికి మిగిలేది వెయ్యి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు కూడా మన కృష్ణా, గుంటూరు వాళ్లకు అవసరమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లు దిగాక చాలామంది చేసిన మొదటి పని తాళం తిప్పి స్టార్ట్ చేయడం. లోపల నీళ్లుండగా స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, మామూలు పాలసీ దానికి ఇవ్వదు.

మీకు మిగిలే డబ్బు ఇంకోటుంది. మీ ఆల్టో మీద అయిదేళ్లకు మించి క్లెయిమ్ లేకపోతే మీ నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) 50 శాతం. అది బండిది కాదు, మనిషిది. పాత బండి అమ్మినట్టు కాగితం చూపి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటరు తీసుకుంటే కొత్త కారు సొంత డ్యామేజీ ప్రీమియంలో సగం తగ్గుతుంది. మూడేళ్లపాటు అది చెల్లుతుంది. మీ షోరూమ్ కుర్రాడు ఈ సంగతి చెప్పలేదు కదా! ఆల్టోను ఎవరికిచ్చినా పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి వదిలేయకండి, ఆర్‌సీలో పేరు మారే దాకా వెంటపడండి. పేరు మారకముందు కొన్నవాడు ఎవరినైనా గుద్దితే ఆర్‌సీలో ఉన్న మీరే ఓనరు, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మా బంధువొకాయన బండి అమ్మిన మూడేళ్లకు కోర్టు నోటీసు అందుకున్నాడు.

ముహూర్తం. ఇదే షోరూమువాళ్ల ఆయుధం. మీరు శ్రావణ శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు అని చెప్పగానే వాళ్ల పని సులువైపోతుంది. బండిలో ఏం తేడా కనిపించినా "ముహూర్తం దాటిపోతోంది సార్, తర్వాత సర్వీసులో చూద్దాం" అంటారు. అందుకని ముహూర్తానికి మూడు రోజుల ముందు, డబ్బు మొత్తం కట్టకముందు, ఇన్‌వాయిస్ కొట్టకముందు, గోడౌన్‌కు వెళ్లి పగటి వెలుతురులో మీ బండిని చూడండి. ఛాసిస్ నంబరు రాసుకోండి, ఇన్‌వాయిస్ మీద అదే రావాలి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. 3225 అంటే 2025లో 32వ వారం తయారైంది. అయిదు టైర్లూ చూడండి, ఒకటి మాత్రం వేరేగా ఉంటే ఎందుకో అడగండి. కిటికీ అద్దాలన్నింటి మూలన ఒకే కంపెనీ గుర్తు ఉండాలి. బానెట్టు బోల్టుల మీద రంగు చెదిరి ఉంటే అది విప్పారన్నమాట. నా తోటి సర్వేయరొకాయన కొత్త కారులో ఇలాగే దొరకబుచ్చుకున్నాడు, రవాణాలో దెబ్బతిన్న ఫెండరు, అంటే చక్రం పైనుండే రేకు, మార్చి రంగేసి ఇవ్వబోయారు. ఆ బండి వద్దన్నాడు, వారంలో వేరేది వచ్చింది.

ఆషాఢంలో ఎవరూ కొనరు కాబట్టి బేరం బాగా తెగుతుంది. అప్పుడు బుక్ చేసి శ్రావణంలో డెలివరీ తీసుకోండి, దేవుడికీ కోపం రాదు, జేబుకీ రాదు. డిసెంబరులోనూ తగ్గిస్తారు, ఏడాది మారితే బండి తయారైన సంవత్సరం ఒకటి పాతబడుతుందని. పదేళ్లు వాడుకునే మీకు ఆ తేడాతో పనిలేదు, ఇస్తే పుచ్చుకోండి.

కొన్నాక బెంగళూరు వెళ్లి నెల్లాళ్లు ఉండే అలవాటుంటే బ్యాటరీ దిగిపోతుంది, ఎలకలు వైర్లు కొరుకుతాయి. వారానికోసారి ఎవరిచేతనైనా ఇరవై నిమిషాలు తిప్పించండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపడం కాదు, నిజంగా తిప్పాలి.

అడ్వాన్సు కట్టే ముందు బీరువాలోంచి మీ లైసెన్సు తీసి తేదీ చూడండి. యాభై అయిదు దాటాక రెన్యూవల్ అయిదేళ్లకే ఇస్తారు, డాక్టరు సంతకంతో ఫారం 1ఏ పెట్టాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ టెస్టుకు నిలబడాలి. నాకు బాగా గుర్తున్న కేసు ఒకటుంది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు, తప్పు ఎదుటి లారీది, నష్టం లక్షా ఎనభై వేలు. కాగితాలన్నీ ఫైలులో నీటుగా పెట్టుకొచ్చారు. లైసెన్సు గడువు అంతకు నాలుగు నెలల ముందే అయిపోయింది, ఆయనకే తెలియదు. కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపింది, రిపోర్టు రాసింది నేనే. కళ్ల పరీక్ష కూడా అప్పుడే చేయించుకోండి. శుక్లం ఉంటే రాత్రి ఎదుటి లైట్లకు చుట్టూ వలయాలు కనిపిస్తాయి, దాన్ని బండి హెడ్‌లైట్ల లోపమనుకుని బల్బులు మార్పించినవాళ్లను చూశాను. గేటు కొలత, ర్యాంపు ఫొటో పంపించండి, పంచా వ్యాగన్ఆరా అన్నది అప్పుడు ఖాయంగా చెప్తాను.